ఓర్వకల్లు రేడియో నేర్పిన పాఠము

గ్రామపరిపాలనలో మాటకు గల స్థానము మిక్కిలి పెద్దది. పంచాయతీ ఒక తీర్మానము చేసినంత మాత్రమున పని నెరవేరదు. ఆ తీర్మానము ఏల చేయబడినదో, దాని వలన ఎవరికి ఏమి మేలు కలుగునో ఊరివారందరికిని తెలియవలెను. అట్లే ఊరివారి మనసులోని కష్టసుఖములు పంచాయతీకి చేరవలెను. ఈ రెండు దారులలో ఏ ఒక్కటి మూసుకొనిపోయినను, మంచి పని కూడ అనుమానమునకు గురియగును.

పూర్వము ఈ కార్యమును దండోరా వేయువాడు నిర్వహించెడివాడు. తప్పెట మ్రోత వినగానే జనులు వాకిళ్ళలోనికి వచ్చి చెవియొగ్గెడివారు. అయితే దండోరా ఒక ప్రక్క మాట మాత్రమే. చావడి నుండి ఊరికి మాట పోవునే గాని, ఊరి నుండి చావడికి మాట తిరిగి వచ్చుట అందు లేదు. ఈ లోపమును తీర్పగల సాధనము ఒకటి మన కాలమున లభించినది. అదియే ఊరివారు తామే నడుపుకొను చిన్న రేడియో కేంద్రము.

ఇది ఎక్కడనో దూరదేశమున జరిగిన వింత కాదు. నందికొట్కూరుకు దక్షిణమున, కర్నూలు నుండి నంద్యాలకు పోవు రాజమార్గముపై నున్న ఓర్వకల్లులో 2002వ సంవత్సరముననే ఇట్టి ప్రయత్నము జరిగినది. అది కొలది మాసములకే ఆగిపోయినది. ఏల ప్రారంభమైనది, ఏల ఆగిపోయినది, తరువాత దేశమున ఏమి మార్పు వచ్చినది అను విషయములను వరుసగా మీ ముందుంచవలెనని మేము తలచితిమి. పంచాయతీ సభ్యులు దీనిని కథగా గాక పాఠముగా చదువవలెనని మా కోరిక.

దూరపు గొంతు

మన దేశమున రేడియో మొదట ఔత్సాహికుల వేడుకగా పుట్టినది. 1924లో మద్రాసు నగరమున కొందరు ఉత్సాహవంతులు రేడియో క్లబ్బు నొకదానిని స్థాపించి ప్రసారములు సాగించిరి. ధనము చాలక 1927లో అది మూతపడినది. తరువాత ప్రభుత్వమే ఈ కార్యమును చేపట్టినది. 1938 జూన్ 16వ తేదీన మద్రాసు కేంద్రము ప్రారంభమైనది. తెలుగు మాట అధికారికముగా రేడియోలో వినవచ్చుట ఆ కేంద్రము నుండియే మొదలు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము, 1963లో కడప కేంద్రము వచ్చినవి. అటుపిమ్మట కర్నూలు, అనంతపురము మొదలగు పట్టణములందు ఆకాశవాణి స్థానిక కేంద్రములు వెలసినవి.

ఈ కేంద్రములు చేసిన సేవ అపారము. వానకబురు, బజారు ధరలు, పశువుల రోగములు, పంటల తెగుళ్ళు, హరికథలు, నాటకములు ఇంటింటికిని చేరినవి. చదువురాని రైతు కూడ శాస్త్రజ్ఞుని మాట వినగలిగినాడు. తమిళదేశమున తంజావూరు రైతులు 1960 దశకమున ఏ.డి.టి. 27 అను క్రొత్త వరి వంగడమును రేడియో ద్వారా తెలిసికొని సాగుచేసి, దానికి 'రేడియో వడ్లు' అని పేరు పెట్టుకొనిరి. మాట గింజయై మొలచుట యనగా ఇదియే.

అయినను పెద్ద కేంద్రమునకు ఒక సహజమైన పరిమితి కలదు. అది అనేక తాలూకాలకు కలిపి మాటలాడవలెను. కృష్ణా డెల్టాలోని వరిరైతుకును, మన మెట్టపొలములోని జొన్నరైతుకును ఒకే మాట సరిపోదు. కర్నూలు కడప కాలువ చివరి భూములకు నీరు ఏనాడు వచ్చునో, పగిడ్యాల దారిలో వాగు పొంగినదో లేదో, జూపాడు బంగళా సంతలో దూడల వెల యెంతయో చెప్పుటకు అంత పెద్ద కేంద్రమునకు తీరిక యుండదు. ఈ లోటు ఆ కేంద్రముల తప్పిదము వలన గాక, వాని విస్తృతి వలన కలిగినది.

వినుడు, చర్చింపుడు, ఆచరింపుడు

ఈ లోటును పూరించుటకు 1956లో ఒక మేలైన ప్రయోగము జరిగినది. ఐక్యరాజ్య సమితికి చెందిన యునెస్కో సహాయముతో పూనా పరిసర జిల్లాలలోని 150 గ్రామములందు శ్రోతల సంఘములు ఏర్పరచబడినవి. ఆ యేట వారమునకు రెండు చొప్పున ప్రత్యేక కార్యక్రమములు ప్రసారమైనవి. గ్రామస్థులు ఒకచోట కూడి వినుట, విన్న దానిని చర్చించుట, చర్చలో తేలిన సందేహములను కేంద్రమునకు వ్రాయుట, తరువాతి కార్యక్రమమున వానికి సమాధానము పొందుట ఇందలి పద్ధతి. 'వినుడు, చర్చింపుడు, ఆచరింపుడు' అనునది దీని సూత్రము. ఈ ప్రయోగము సఫలము కాగా, 1959 నవంబరులో దేశమంతటను రేడియో గ్రామీణ గోష్ఠులు ప్రారంభింపబడినవి.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. ఒంటరిగా విని ఊరకుండిన వారికంటె, కలిసి విని చర్చించినవారు ఎక్కువ నేర్చుకొనిరి. అనగా రేడియో యొక్క బలము యంత్రములో గాక, దాని చుట్టు కూర్చున్న మనుష్యులలో నున్నదన్నమాట. చర్చించుటకు మనుష్యులు కూడని ఊరిలో ఎంత మంచి యంత్రమైనను పంచాయతీ చావడిలో అలంకారముగా మిగిలిపోవును.

ఓర్వకల్లు స్త్రీలు

ఇక ఓర్వకల్లు సంగతికి వత్తము. 1990 దశకము నడుమ ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమము వారి సహాయముతో దక్షిణాసియా పేదరిక నిర్మూలన పథకము మన జిల్లాలోను నడచినది. దాని ఛాయలో ఓర్వకల్లు మండలమున పొదుపు సంఘములు బలపడినవి. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో రాష్ట్రమంతటను వ్యాపించిన సారా వ్యతిరేకోద్యమము పిమ్మట పొదుపులక్ష్మి పథకము ఊరూర పాకిన కాలమది. దినమునకు ఒక రూపాయి చొప్పున దాచుకొన్న స్త్రీలు కొన్ని యేండ్లలో తమ మండలమున ఒక ఐక్య సంఘముగా కూడిరి. అప్పులకై షావుకారు గడప త్రొక్కనక్కర లేకుండ తామే అప్పులు ఇచ్చుకొను స్థితికి వచ్చిరి.

ధనము కూడబెట్టుట నేర్చినవారికి మాట కూడబెట్టుకొనవలెనను తలపు పుట్టుట సహజము. సంఘముల సమావేశములకు అందరును రాలేరు. కూలికి పోయినవారు, బాలింతలు, ముసలివారు ఇంటనే యుందురు. వారికి సంఘపు విషయములు చేరుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానముగా 2002లో 'మన రేడియో' పుట్టినది. అది మిక్కిలి స్వల్పశక్తి గల ప్రసారయంత్రము. దాని మాట ఊరి పొలిమేర దాటుటయే కష్టము. సంఘముల స్త్రీలే మాటలు కూర్చి, తామే పలికిరి. ఆరోగ్యము, పొదుపు, సేద్యము, పిల్లల చదువు, పాటలు ఇందలి విషయములు. చేత కొడవలి పట్టిన స్త్రీ మైకు ముందు కూర్చుండి తన ఊరివారితో తన యాసలోనే మాటలాడుట ఆ ప్రాంతమునకు క్రొత్త.

2003 ప్రారంభమున అది ఆగిపోయినది. అనుజ్ఞ లేని ప్రసారము చట్టవిరుద్ధమని చెప్పి కేంద్ర ప్రభుత్వపు అధికారులు దానిని మూయించిరి.

ఇచ్చట తొందరపడి ఎవరినైనను నిందించుట తగదు. అధికారులు పాటించినది చట్టమునే. నాడు అమలులో నున్న 1885 నాటి టెలిగ్రాఫు చట్టము ప్రకారము అనుజ్ఞ లేక ప్రసారము చేయుట నేరముగా నుండెను. విమానములకును, రక్షణదళములకును, అగ్నిమాపక దళములకును ఆకాశతరంగములే ఆధారము గనుక, ఎవరికి తోచినట్లు వారు వానిని వాడరాదను నియమము న్యాయమైనదే. అయితే అసలు చిక్కు వేరొకచోట నున్నది. ఆ స్త్రీలు అనుజ్ఞ కోరవలెనన్నను, వారివంటి సంఘమునకు అనుజ్ఞ యిచ్చు పద్ధతియే నాడు లేదు. తలుపు తట్టి లోనికి రమ్మని చెప్పుట సులభము. గోడకు తలుపే లేనప్పుడు తట్టుట ఎక్కడ?

నేడు ఓర్వకల్లు సమీపమున విమానాశ్రయము కలదు. అది 2021లో ప్రారంభమైనది. కాని ఆ ఊరి స్త్రీలు తొలిసారి గాలిలోనికి పంపినది తమ గొంతునే యని మనము జ్ఞాపకముంచుకొనవలెను.

గాలి యెవరి సొత్తు?

ఆకాశతరంగములు ఎవరివి? ఈ ప్రశ్న అంతకు కొన్ని యేండ్ల ముందే మన అత్యున్నత న్యాయస్థానమునకు వచ్చియుండెను. చిత్రమేమనగా, అది రేడియో కొరకు గాక క్రికెట్టు ఆట కొరకు వచ్చిన వ్యాజ్యము. 1993లో కలకత్తాలో జరిగిన పోటీలను ప్రసారము చేయు హక్కు విషయమై బెంగాలు క్రికెట్టు సంఘమునకును ప్రభుత్వమునకును వివాదము కలిగినది. 1995 ఫిబ్రవరి 9వ తేదీన న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆకాశతరంగములు ప్రజల ఆస్తి యనియు, వానిని ప్రజాహితము కొరకు వినియోగింపవలెననియు, ప్రభుత్వమునకు గాని మరెవ్వరికి గాని గుత్తాధిపత్యము కూడదనియు ఆ తీర్పు సారాంశము. తీర్పు చెప్పిన న్యాయమూర్తులలో పి.బి. సావంతుగారు, మన తెలుగువారగు బి.పి. జీవన్‌రెడ్డిగారు నుండిరి.

చెరువు ఊరుమ్మడి సొత్తయినను తూము విప్పువారు ఒకరుండవలెను గదా. అట్లే తరంగములు ప్రజలవేయైనను వానిని పంచు నియమములు కావలెను. ఆ నియమములు వచ్చుట ఆలస్యమైనది. 2000 జూలైలో మెదకు జిల్లా పస్తాపూరులో ఈ విషయముపై చర్చాగోష్ఠి జరిగి, గ్రామసమాజములకు రేడియో హక్కు కావలెనని కోరిరి. 2002 చివర కేంద్ర ప్రభుత్వము మొదటి మెట్టు ఎక్కినది. కాని ఆ అనుజ్ఞ విద్యాసంస్థలకు మాత్రమే పరిమితమైనది. దాని ఫలితముగా 2004 ఫిబ్రవరి 1వ తేదీన చెన్నపట్టణమున అన్నా విశ్వవిద్యాలయపు కేంద్రము వెలసినది. ఓర్వకల్లు రేడియో నడచిన కాలమును దీనితో పోల్చి చూడుడు. కళాశాలకు తలుపు తెరచుకొన్న దినములలోనే పొదుపు సంఘమునకు తలుపు మూసియుండెను.

ఆ కాలముననే మన పొరుగున, తెలుగు కన్నడములు రెండును వినవచ్చు కోలారు జిల్లా బూదికోటలో వేరొక ఉపాయము కనుగొనిరి. గాలిలో పంపరాదనిన మాటను తీగ మీద పంపవచ్చును గదా యని తలచి, 2003లో 'నమ్మ ధ్వని' అను కేంద్రము వారు టెలివిజన్ కేబులు తీగ ద్వారా ఇండ్లకు మాటను చేర్చిరి. చట్టమును అతిక్రమింపకయు, చేతులు ముడుచుకొనకయు పని సాగించిన విధమిది.

తుదకు 2006 నవంబరులో ప్రభుత్వము నియమములను సడలించి, లాభాపేక్ష లేని స్వచ్ఛంద సంస్థలకును సంఘములకును అనుజ్ఞ నిచ్చుటకు అంగీకరించినది.

మాచనూరు స్త్రీల ఓర్పు

ఈ అనుజ్ఞను అందుకొన్న పల్లెలలో మాచనూరు ముందువరుసలో నిలిచినది. ఈ గ్రామము తెలంగాణమున జహీరాబాదు ప్రాంతములో, నేటి సంగారెడ్డి జిల్లాలో కలదు. అచ్చటి నేల కూడ మన నేలవలెనే వాన కెదురుచూచు మెట్టనేల. జొన్న, కొర్ర, సజ్జ, కంది పంటలు. 1983 నుండి దక్కను అభివృద్ధి సంస్థ యను సంస్థ అచ్చట పేద దళిత స్త్రీలను సంఘములుగా కూర్చి, బీళ్ళను సాగులోనికి తెచ్చుట, పాత విత్తనములను కాపాడుట మొదలగు పనులు చేయుచు వచ్చినది. ఈ సంస్థను నడిపినవారిలో ముఖ్యులు పి.వి. సతీశుగారు. వారు పూర్వము దూరదర్శనులో కార్యక్రమ నిర్మాతగా పనిచేసినవారు. 2023 మార్చిలో పరమపదించిరి.

ఆ స్త్రీల కొరకు 1990 దశకపు చివరనే యునెస్కో సహాయముతో రేడియో కేంద్రపు భవనము లేచినది. యంత్రములు వచ్చినవి. పలుకువారు సిద్ధపడిరి. కాని అనుజ్ఞ రాలేదు. అప్పుడు వారేమి చేసిరి? కేంద్రమునకు తాళము వేసి ఇంటికి పోలేదు. కార్యక్రమములను టేపులలో నింపి, ఆ టేపులను ఊరూరి సంఘ సమావేశములకు పట్టుకొనిపోయి వినిపించిరి. విన్నవారి మాటలను మరల నింపుకొని వచ్చిరి. ఈ విధముగా దాదాపు పది సంవత్సరములు గడచినవి.

2008 అక్టోబరు 15వ తేదీన, అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినమున, 'సంగం రేడియో' 90.4 మెగాహెర్ట్సు మీద ప్రసారము ప్రారంభించినది. ప్రారంభోత్సవము చేసినవారు వేరెవరో కాదు, 1995 నాటి తీర్పు చెప్పిన న్యాయమూర్తి సావంతుగారే. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ యను ఇద్దరు గ్రామస్త్రీలు ఈ కేంద్రపు నిర్వహణ భారమును వహించిరి. పొలము పనులు ముగించుకొని, వంట చేసికొని, జనులు తీరిక పొందు సాయంకాలవేళను ప్రసారమునకు ఎన్నుకొనిరి. ఇది చిన్న విషయముగా తోచవచ్చును గాని, శ్రోత యొక్క దినచర్యను ఎరిగినవారు మాత్రమే ఇట్టి నిర్ణయము చేయగలరు.

వారి కార్యక్రమములందు విత్తనము నిలువచేయు పద్ధతి, పురుగునకు వేపకషాయము, బాలింతల ఆహారము, పండుగపాటలు, ముసలమ్మల అనుభవములు ప్రధానములు. బయటి పండితుని పిలిపించుటకంటె, తమ ఊరిలో నలుబదియేండ్లు సేద్యము చేసిన స్త్రీనే పండితురాలిగా కూర్చుండబెట్టిరి. ఈ స్త్రీసంఘముల కృషికి 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమము వారి ఈక్వేటర్ బహుమానము లభించినది.

ఓర్వకల్లును మాచనూరును ప్రక్కప్రక్కన నుంచి చూచిన, పట్టుదలలో రెండును సమానములే. భేదమెల్ల కాలమునందును, అనుజ్ఞయందును కలదు. ఒకరు చట్టము మారకముందు పలికిరి. వేరొకరు చట్టము మారువరకు టేపులతో వేచియుండి, పలికిరి. ఓర్వకల్లు వంటి ప్రయత్నములు ఆగిపోయిన సంగతి దేశమున చర్చకు వచ్చుట కూడ చట్టము మారుటకు తోడ్పడిన కారణములలో ఒకటియని మేము భావింతుము.

యంత్రము పనిచేయు విధము

చిన్న రేడియో కేంద్రమనగా కోట్ల రూపాయల పని యని సభ్యులు భయపడనక్కర లేదు. మాటను విద్యుత్తరంగముగా మార్చునది మైకు. ఆ తరంగమును ఎత్తయిన స్తంభముపై నున్న ఆంటెన్నాకు పంపునది ప్రసారయంత్రము. 88 నుండి 108 మెగాహెర్ట్సుల నడుమ నుండు ఎఫ్.ఎం. తరంగములు చూపు పోవునట్లు తిన్నగా పోవును. కొండ అడ్డమైన ఆవలివైపు సరిగా వినబడదు. గావున స్తంభము ఎత్తుగా నుండుట, చుట్టును నేల చదునుగా నుండుట ముఖ్యము. నందికొట్కూరు పరిసరముల చదును భూములు ఇందుకు అనుకూలములు.

నిబంధనల ప్రకారము ప్రసారశక్తి సాధారణముగా 100 వాట్లకును, స్తంభపు ఎత్తు 30 మీటర్లకును మించరాదు. అనగా మన యింటి వేసవి పంకా ఒకటి రెండింటికి కావలసినంత శక్తితో సుమారు 10 కిలోమీటర్ల దూరపు పల్లెలకు మాట చేరునన్నమాట. వినువారికి చేతిలో ఇమిడిపోవు రేడియో పెట్టె చాలును. పెక్కు చేతిఫోనులందును ఎఫ్.ఎం. వినుటకు వీలుకలదు.

ఆపదవేళ దీని ప్రయోజనము స్పష్టమగును. 2009 అక్టోబరు మొదట తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు నగరమును ముంచెత్తిన సంగతి మనమెవ్వరమును మరువలేదు. వరదలో దీపములారిపోవును, తీగలు తెగిపోవును, ఫోనులు మూగవోవును. అప్పుడు బ్యాటరీతో పలుకు కేంద్రము, బ్యాటరీతో వినిపించు పెట్టె మాత్రమే మిగులును. ఏ దారి మునిగినది, ఏ బడిలో ఆశ్రయము కలదు అను మాట సకాలమున చేరిన ప్రాణములు నిలుచును.

నియమములు, పంచాయతీ పాత్ర

ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్న: పంచాయతీ స్వయముగా రేడియో కేంద్రమును పెట్టవచ్చునా? 2006 నియమములు పేర్కొన్న అర్హుల జాబితాలో స్వచ్ఛంద సంస్థలు, రిజిస్టరైన సంఘములు, ధర్మనిధులు, విద్యాసంస్థలు, వ్యవసాయ విశ్వవిద్యాలయములు, కృషి విజ్ఞాన కేంద్రములు కలవు. పంచాయతీ పేరు అందు లేదు. వ్యక్తులకును, రాజకీయ పక్షములకును, వాని అనుబంధ సంస్థలకును, లాభము కొరకు నడచు సంస్థలకును అనుజ్ఞ లేదు. దరఖాస్తు చేయు సంస్థ స్థానిక సమాజమునకు కనీసము మూడు సంవత్సరములు సేవచేసి యుండవలెనని ఆ నియమములు కోరినవి.

ఇది పంచాయతీని అవమానించుట కాదు. ఎన్నికలలో గెలిచినవారు మారుచుందురు. మైకు గెలిచినవారి చేతిలో నుండిన, ఓడినవారి మాట వినబడదు. గావుననే మైకు ఊరుమ్మడి సంఘము చేతిలో నుండుట మేలు. పంచాయతీ చేయదగిన సహాయములు వేరే కలవు. గ్రామసభలో విషయమును చర్చకు పెట్టుట, అర్హత గల పొదుపు సంఘముల సమాఖ్యను గాని, కళాశాలను గాని గుర్తించి ప్రోత్సహించుట, గ్రామసభ నిర్ణయములను, పనుల లెక్కలను, నీటి వంతులను ప్రసారమునకు ఇచ్చుట, సభ్యులు తామే వచ్చి శ్రోతల ప్రశ్నలకు జవాబు చెప్పుట అందు ముఖ్యములు. పొగడ్త మాత్రమే వినగోరు సర్పంచునకు రేడియో కేంద్రము బరువగును. ప్రశ్న వినగోరు సర్పంచునకు అది బలమగును.

కేంద్రములో కనీసము సగము కార్యక్రమములు స్థానికముగా తయారైనవిగా నుండవలెను. ప్రసారమైన ప్రతి కార్యక్రమమును మూడు మాసములు భద్రపరచవలెను. సొంతముగా రాజకీయ వార్తలు చదువరాదు. 2024 ఫిబ్రవరిలో ప్రకటింపబడిన సవరణల ప్రకారము మొదటి ఒప్పందపు గడువు పది సంవత్సరములు, గంటకు 12 నిమిషముల వరకు ప్రకటనలకు వీలు, సలహా సంఘమున సగముమంది స్త్రీలుండవలెనను నియమము వచ్చినవి. ఆ సమయమునకు దేశమున ఇట్టి కేంద్రములు 480కి పైబడియుండెను.

ఖర్చు విషయమున జాగ్రత్త అవసరము. యంత్రము కొనుట ఒకనాటి ఖర్చు. విద్యుత్తు, మరమ్మతు, పలుకువారి బత్తెము, తరంగపు వార్షిక రుసుము ఏటేట వచ్చు ఖర్చులు. 2012లో ఈ రుసుము 19,700 రూపాయల నుండి 91,000 రూపాయలకు పెంచబడినప్పుడు చిన్న కేంద్రములు తల్లడిల్లి అభ్యంతరము తెలుపగా, పెంపు ఉపసంహరింపబడినది. ప్రారంభోత్సవమునకు పూలమాలలు తెచ్చువారు పెక్కురుందురు. మూడవయేట మరమ్మతుకు ఎవరు తెత్తురో ముందుగా ఆలోచించినవారి కేంద్రమే నిలుచును.

నందికొట్కూరు సీమలో వినవలసిన మాటలు

నందికొట్కూరు నేడు పురపాలక పట్టణము. 2022 ఏప్రిలు నుండి నంద్యాల జిల్లాలో చేరినది. దాని చుట్టు నున్న పంచాయతీల ప్రజలు సంతకును, ఆసుపత్రికిని, కచ్చేరికిని ఇచ్చటికే వత్తురు. ఇట్టి కూడలి పట్టణము చిన్న రేడియో కేంద్రమునకు తగిన చోటు.

పలుకుటకు విషయములు కొరవా? కాలువ నీటి వంతులు, విత్తనముల సంచిపై చూచుకొనవలసిన ముద్రలు, శనగ ప్రత్తి ధరలు, బడి మానిన ఆడపిల్లల సంగతి, వలసపోయిన వారి ఇండ్లలో మిగిలిన వృద్ధుల సంగతి చాలవా? వీనికి తోడు మరియొకటి కలదు. శ్రీశైలము జలాశయము కొరకు ఈ సీమలోని కృష్ణాతీరపు పల్లెలు 1981 ప్రాంతమున నీట మునిగినవి. సంగమేశ్వరాలయము ఏటేట నీరు తగ్గినప్పుడు మాత్రమే బయటపడును. ఆ పల్లెలలో పుట్టి పెరిగినవారు ఇప్పుడు వృద్ధులు. వారి నోట వారి ఊరి కథ, పొలముల పేర్లు, పండుగలు, పాటలు నింపి ఉంచుకొననిచో, వారితోనే అవి పోవును. ఆలయమైన వేసవిలో తిరిగి కనిపించును, పోయిన గొంతు తిరిగి వినిపించదు.

అనుజ్ఞ వచ్చువరకు ఊరకుండనక్కర లేదు. మాచనూరు స్త్రీలు టేపులతో చేసిన పనిని నేడు చేతిఫోనుతో చేయవచ్చును. వారమునకు ఒక అరగంట కార్యక్రమము నింపి, గ్రామసభలోను, పొదుపు సంఘపు సమావేశములోను వినిపించి, చర్చించి చూడుడు. ఆరు మాసములు ఈ పని ఆగక నడచిన ఊరికి రేడియో కేంద్రమును నడుపు యోగ్యత కలదని తెలిసికొనవచ్చును. ఆగిపోయినచో, యంత్రము కొననందుకు సంతోషింపవచ్చును.

పంచాయతీ సభ్యులు చర్చింపదగిన ప్రశ్నలు

1. మన పంచాయతీ గత సంవత్సరము చేసిన తీర్మానములలో ఎన్ని ఊరివారందరికిని తెలిసినవి? తెలియనివారు ఏ వాడలవారు?

2. మన ఊరిలో మూడు సంవత్సరములకు తక్కువ గాక పనిచేసిన, అందరి నమ్మకము గల సంఘము ఏది? దాని లెక్కలు సక్రమముగా నున్నవా?

3. మైకు ముందు కూర్చుండు అవకాశము స్త్రీలకును, దళితవాడలవారికిని, కౌలురైతులకును సమానముగా కలుగుటకు ఏ నియమము చేసికొనవలెను?

4. వరద, అగ్నిప్రమాదము, అంటువ్యాధి వచ్చినచో నేడు మన ఊరిలో మొదటి హెచ్చరిక ఎవరు, ఏ విధముగా చేయుచున్నారు? దీపము లేని రాత్రి అది చేరునా?

5. పంచాయతీ పనిపై శ్రోత యొకడు కఠినమైన ప్రశ్న వేసినచో, మనలో ఎవరు పోయి సమాధానము చెప్పెదరు?

ఈ అయిదవ ప్రశ్నకు సమాధానము దొరికిన పంచాయతీ మిగిలిన పనులకు కూడ సిద్ధమైనట్లే యని మా అభిప్రాయము. ఓర్వకల్లు స్త్రీలు ఇరువది యేండ్లకు పూర్వము అనుజ్ఞ లేక ఆగిపోయిరి. నేడు అనుజ్ఞ పొందు మార్గము కలదు. ఆ మార్గమున నడచుటకు పూనుకొనువారు మన సీమలో ముందుకు రావలెనని కోరుచున్నాము.